దిగువపేట పంపుల మీద నా ఆరోపణ

నమోదు 1. పరపతి 655.

రోజూ రాయాలట. రాయకపోతే ఒక మార్కు పోతుంది. రాస్తే, రాసిన భాషను బట్టి పోతుంది. చదివేది మనిషి కాదు, తూకం. కాకినాడలో బ్లాక్‌చెయిన్ పని చేసే ప్రతి ఒక్కరికీ వెయ్యికి ఇంత పరపతి అని కట్టే యంత్రానికి మేం పెట్టుకున్న పేరు అది. బ్లాక్‌చెయిన్‌ని మేం గొలుసు అంటాం. ఒకసారి అందులో పడిన మాటను ఇక ఎవరూ చెరపలేరు.

కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నా పేరు పెమ్మాడి మరిడేశ్వరి. నాకు కాలేజీ ముద్ర లేదు. పగిలిన ఫోనులో ఎవరెవరో రాసిన కోడు చదివి పని నేర్చుకున్నాను. ముద్ర ఉన్నవాళ్ళ పరపతి ఐదువందల దగ్గర మొదలవుతుంది. లేనివాళ్ళది సున్నా దగ్గర. ఇక్కడిదాకా రావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. గొప్ప కోసం రాయడం లేదు. పోతే ఏం పోతుందో తెలియాలని రాస్తున్నాను.

పొద్దున షెడ్డుకి వచ్చి మిషన్ల ఫ్యాన్ల మీద ఉప్పు గీకాను. సముద్రం పాత రేవు దాటి లోపలికి వచ్చాక ఈ ఊళ్ళో ఉప్పు పట్టని వస్తువు లేదు. మా షెడ్డు ఒకప్పటి ధాన్యం గోడౌను పై అంతస్తు. కింది అంతస్తులో నీళ్ళుంటాయి. పడవని మెట్లకి కట్టేసి పైకి ఎక్కుతాం. ఓడరేవులో మూటలు మోసిన ముఠాల లాగే మాదీ ముఠా. ఇరవై మందిమి. మా పెద్ద సాగి బుచ్చిరాజు గారు. ఆయన పరపతి 912. జిల్లాలో అంతకు మించి ఎవరికీ లేదు.

ఈ రోజు ఒక కాంట్రాక్టుని పడుకోబెట్టాం. కాంట్రాక్టు అంటే కాగితం కాదు, గొలుసు మీద పెట్టిన ప్రోగ్రాము. రేషను పంచేదీ, తలుపులు తీసేదీ, మోటార్లు నడిపేదీ అవే. ఏడాదిపాటు తప్పు నమోదు కాకపోతే ఆ కాంట్రాక్టు పడుకుందంటాం. పానకం పంచుతాం. అక్కణ్ణించి దాన్ని రాసినవాళ్ళ పరపతి నెలనెలా దానంతట అదే పెరుగుతుంది. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు.

దాసు రెండో గ్లాసు అందుకుంటూ, "మా బాబాయి కూడా ఇలాగే పడుకుని పెన్షను తీసుకుంటన్నాడు" అన్నాడు. దాసు నా పక్క మిషను. అందరం నవ్వాం.

నమోదు 2. పరపతి 655.

పరీక్షల కోసం అసలు గొలుసు పక్కన ఒక నకలు గొలుసు ఉంటుంది. పడుకున్న కాంట్రాక్టుల నకళ్ళని అప్పుడప్పుడూ నడిపి చూసి, పాత చెత్త తీసేయడం ముఠాలో చిన్నవాళ్ళ పని. అంటే నా పని. ఎవరూ ఫలితం అడగరు. అడగరు కనుక అందరూ నడపకుండానే నడిపామని రాస్తారు. నేను నడుపుతాను. కోడు చదవడం నాకు ఇష్టం. ఇంకేమీ నాకు ఇష్టంగా దొరకలేదు.

ఈ రోజు దిగువపేట పంపుల కాంట్రాక్టు నడిపాను. మోటార్లకి మధ్యలోనే తాళం పడిపోయింది.

మళ్ళీ నడిపాను. మళ్ళీ పడింది.

సంగతి ఇది. గొలుసుకి గడియారం ఉండదు. బ్లాకులు ఉంటాయి, ఒకదాని వెనక ఒకటి పడుతూ. రాజుగారు ఈ కాంట్రాక్టు రాసిన రోజుల్లో ఒక బ్లాకు పడటానికి ఎంతసేపు పడుతుందో అందరికీ తెలుసు. అందుకని ఇన్ని బ్లాకులైతే ఒక రోజు అని కట్టి రాసేశారు. అప్పట్లో అందరూ అలాగే రాసేవారు. మొన్న వేసవిలో గొలుసు వేగం పెంచారు. బ్లాకులు గబగబా పడుతున్నాయి. ఆ కాంట్రాక్టుకి రోజు కుంచించుకుపోయింది.

ఆరు నెలలకోసారి మెకానిక్కు వచ్చి మోటార్లు చూసి తనిఖీ ముద్ర వేయాలి. వేయకపోతే తాళం పడుతుంది. మెకానిక్కు మన క్యాలెండరు చూసుకుని కార్తీకం చివర్లో వస్తాడు. కాంట్రాక్టు లెక్కలో ఆరు నెలలు ఆశ్వయుజంలోనే అయిపోతాయి. ఈ రెంటి మధ్యలో ఉన్నది తుఫాన్ల కాలం.

దిగువపేట సముద్రం కంటే పల్లంలో ఉంది. కట్ట అడ్డం ఉంది, పంపులు ఉన్నాయి, అందుకని ఊరు ఉంది. మా వదిన సత్యవేణి ఉండేది అక్కడే. పంపుహౌసు కాపలా ఆమెదే.

నమోదు 3. పరపతి 655.

రాజుగారితో మాట్లాడాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

"రాజుగారూ, దిగువపేట పంపుల్లో తప్పుందండి."

"అది పడుకుంది కదమ్మాయ్."

"పడుకున్నదాన్లోనే ఉందండి."

చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. బ్లాకుల దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఆయనకి అర్థం కాక కాదు.

"ఇంకెవరికన్నా చెప్పావా?"

"లేదండి. ముందు మీకే."

"మంచిది. కూర్చో." కూర్చోలేదు. "ఇది నా ఒక్కడి సంగతి కాదమ్మాయ్. నేను ఒప్పుకున్నాననుకో, ఏమవుద్దో తెలుసుగా."

తెలుసు. ఏటా ఆయుధ పూజ నాడు కీబోర్డులకి పసుపు రాసి, ముఠా అంతా గుండ్రంగా కూర్చుంటాం. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ చేతికి కంకణం కడతారు. కడుతూనే గొలుసు మీద వాళ్ళకి హామీ సంతకం పెడతారు. ఆఖరివాళ్ళు రాజుగారికి కడతారు. హామీ పెట్టినవాళ్ళ పరపతిలో కొంత భాగం అవతలివాళ్ళకి ఆసరాగా వెళుతుంది. అందుకే మా ముఠాలో అందరివీ మంచి అంకెలు. జిల్లాలో మిగతా ముఠాలు మమ్మల్ని చూసి ఏడుస్తాయి. కానీ ఒకరి అంకె పడితే, వాళ్ళు ఆసరా ఇచ్చినవాళ్ళదీ పడుతుంది. ముద్ర లేనిదాన్ని వలయంలో కూర్చోబెట్టొద్దని నలుగురైదుగురు అన్నప్పుడు, నా చేతికి కంకణం కట్టింది ఈ రాజుగారే. అందుకే గొంతు పెంచకుండా అడిగాను.

"ఒప్పుకోకపోతే?"

"పడుకున్న కాంట్రాక్టు దానంతట అది చెడితే కాలదోషం కింద రాస్తారు. ఎవరికీ ఏమీ పోదు."

"పేట పోద్దండి."

"పోద్దని నువ్వంటన్నావ్. తూకం అనాలి గదా."

ఆలోచిద్దాం, తొందరపడకు అన్నారు. పంపులు ఆలోచించవు. ఈ వాక్యానికి ఎన్ని మార్కులు పోతాయో చూడాలి.

నమోదు 4. పరపతి 631.

ఆరోపణ పెట్టాను. నా సంతకంతో. దిగువపేట పంపుల కాంట్రాక్టులో రోజు లెక్క తప్పు, తుఫాన్ల కాలంలో మోటార్లు ఆగిపోతాయి, ఇదిగో నకలు మీద నడిపిన ఫలితం. ఇంతే రాశాను. బూతు ఒక్కటి లేదు.

ఆరోపణని తూకం చదవదు. తూస్తుంది. పెట్టినవాళ్ళ పరపతి ఎంతో ఆ మాట బరువు అంత. రెండు వేల బరువు కూడితేనే విచారణ. అంటే నాకు తోడు ఇంకో ఇద్దరు ముగ్గురైనా కావాలి. కూడనంత కాలం రోజూ నా పరపతిలోంచి కోత. ఈ కోత ముఠాకి పాకదు, ఆరోపించినవాళ్ళదే. కోత పడేకొద్దీ నా మాట బరువూ తగ్గుతుంది. తగ్గిన బరువు కూడటానికి ఇంకా ఎక్కువమంది కావాలి.

దీన్ని ఎవడు రాశాడో వాడికి నా చేత్తో అన్నం పెట్టి అడగాలని ఉంది, నాయనా, ఇది రాసినప్పుడు నీ బుర్రలో ఏముంది అని.

నమోదు 5. పరపతి 548.

దిగువపేట వెళ్ళాను. వదిన పంపుహౌసు గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. లోపల మూడు మోటార్లు రొద పెడుతున్నాయి. గోడ మీద పచ్చ లైటు.

"ఏవే, దారి తప్పావా? మీ అన్న బోటెక్కి సముద్రం మీదున్నాడు. నేనొక్కద్దాన్నే ఉన్నాను, నీకు మర్యాదలు చేసేవోళ్ళు లేరిక్కడ."

"మర్యాదలకి రాలేదులే వదినా."

"మరి చేపల పులుసుకొచ్చావా. మొహమేంటే అలా పీక్కుపోయింది? నీ అంకె ఎంత ఇప్పుడు?"

చెప్పాను.

"ఆరొందలు దాటిందని మీ అన్న పేటంతా సాటేడు గదే. ఎవడితో తగువెట్టుకున్నావ్?"

"ఈ మోటార్ల గురించే."

విషయం చెప్పాను. బ్లాకులూ గొలుసూ లేకుండా, మోటార్లకి క్యాలెండరు తప్పింది, మెకానిక్కు వచ్చేలోపే తాళం పడుతుంది అని. పక్కింటి లోవమ్మ ముసలావిడ గోడ మీంచి వింటోంది.

"లైటు పచ్చగా ఎలుగుతుంది గదమ్మా" అంది లోవమ్మ.

"తాళం పడే క్షణం దాకా పచ్చగానే వెలుగుద్ది మామ్మా."

"మరి లైటెందుకెట్టారు?"

వదిన చేయి కడుక్కుని లేచింది. మోటార్ల దగ్గరికి వెళ్ళి వాటి మీద చెయ్యి వేసి నిలబడింది.

"నిజమేనా?"

"నిజం."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"సరేలే అయితే. గాలివాన కబురు రాగానే తుఫాను షెల్టరుకి పోతాను. మా వీధోళ్ళకి చెప్తాను. ఇంటారనుకోకు. ఆళ్ళు నా మాట కంటే లైటు మాట ఎక్కువింటారు."

నా పరపతి ఎంతో విన్నాక కూడా నా మాట నమ్మిన మనిషి ఇంతవరకు ఈమె ఒక్కతే. నా ఆరోపణ మీద సంతకం పెట్టే అర్హత ఈమెకి లేదు.

నమోదు 6. పరపతి 467.

మెకానిక్కులకి ఫోను చేశాను. ముందుగా వచ్చి తనిఖీ ముద్ర వేస్తే గండం గడుస్తుంది. పిలవని పనికి వెళితే వాళ్ళ పరపతి పోతుంది. ఒకడు మర్యాదగా పెట్టేశాడు. మిగతావాళ్ళు మర్యాద లేకుండా పెట్టేశారు.

వేరే ముఠాల వాళ్ళ దగ్గరికీ వెళ్ళాను. ఒకాయన అంతా విని, కోడు చూసి, "తప్పే" అన్నాడు. నా ఆరోపణ మీద సంతకం పెడతారా అని అడిగితే, "మా వాటిల్లోనూ రోజుల్ని అలాగే లెక్కేశామమ్మా" అన్నాడు. ఆయన సంతకం పెడితే రేపు ఆయన కాంట్రాక్టులన్నీ లేస్తాయి.

అంటే దిగువపేట ఒక్కటే కాదు. ముందు ఈ ఒక్కటి.

దాసు టీ తెచ్చి నా మిషను పక్కన పెట్టాడు.

"మరిడీ, తీసేయవే. ఆ ఆరోపణ తీసేసుకో."

"ఎందుకు?"

"నువ్వు తుడిచిపెట్టుకుపోతన్నావు గనక. నాలుగొందల కిందకెళ్ళావంటే ఇక సంతకం చెల్లదు నీకు. ఫ్యాన్లు గీక్కోవడమే."

"ఇప్పుడూ అదేగా చేస్తున్నాను."

"ఏదన్నా అంటే మాటకి మాట. నీతో మా ఆవిడ నయం." ఆమెకి నెలలు నిండుతున్నాయి. పై ఆసుపత్రిలో, నీళ్ళు రాని వార్డులో బెడ్డు కావాలంటే ఇంట్లో ఒకరికి ఏడువందల పరపతి ఉండాలి. దాసుకి 790. వాడి మీద నాకు కోపం రాదు. రావాలని చూశాను.

నమోదు 7. పరపతి 391.

నాలుగువందల కిందకి దిగాను. దిగిన బ్లాకులోనే ఆరోపణ దానంతట అదే రద్దయింది. దాని మీద పడిన మాట ఇది: తేలిక మాట. కొట్టివేయడమైనది.

అబద్ధమని అనలేదు. ఎవరూ చూడలేదు కనుక నిజమో అబద్ధమో వాళ్ళకి తెలియదు. తేలికట.

ఫ్యాన్లు గీకాను. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చున్నాను. రాజుగారు వచ్చి నా కింది మెట్టు మీద కూర్చున్నారు. ఆయన అక్కడ కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. చెప్పులు తీసి పక్కన పెట్టి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నారు.

"నకలు మీద నడిపానమ్మాయ్."

నేను ఆయన చెప్పుల్ని నీళ్ళకి అందని మెట్టు మీద పెట్టాను.

"నేను రాసింది నేను చదువుకుని ఎన్నాళ్ళయిందో. పడుకుందంటే పడుకుందనుకున్నాను. చదూతుంటే ఎవడో కుర్రాడు రాసినట్టుంది." కాళ్ళు నీళ్ళలోంచి పైకి తీశారు. "మీ వదిన అక్కడే ఉంటదా?"

"పంపుహౌసులోనేనండి."

"ఒప్పుకుంటే ఎంత పోద్దో లెక్క కట్టు."

కట్టాను. పడుకున్నప్పటి నుంచి పెరిగిందంతా వెనక్కి తీసుకుంటారు. నూట ముప్పై పోతుంది. 782 మిగులుతుంది. సవరణ మీద సంతకం పెట్టాలంటే 750 ఉండాలి. ముందు ఒప్పుదల పెట్టాలి, అది గొలుసు మీద పడ్డాక, తర్వాతి బ్లాకులో సవరణ. సవరణకి రాసినవాళ్ళ సంతకం ఒకటి, సాక్షిది ఒకటి.

"సాక్షికి ఎవడొస్తాడు" అన్నారు రాజుగారు.

వెనక నుంచి దాసు గొంతు వినిపించింది. "నేనెడతానండి." తలుపు చాటున నిలబడి అంతా విన్నాడు.

"మీ ఆవిడ సంగతి?" అన్నాను.

"రాజుగారిది నూట ముప్పై పోతే ఆసరా తగ్గి నాకో ఇరవై పోద్ది. ఏడొందల డెబ్బై ఉంటది. బెడ్డుకి చాలు, సాక్షికీ చాలు. తప్పుంటే చెప్పు."

లెక్క చూశాను. తప్పు లేదు. ఆరేళ్ళలో ఆ షెడ్డులో నాకు ఏడుపొచ్చింది అప్పుడే. బయటికి రానివ్వలేదు.

నమోదు 8. పరపతి 238.

సవరణ నేను రాశాను. చిన్నది. బ్లాకుల లెక్క తీసి, బయటి గడియారం చూసుకోమని చెప్పడం. ముఠా అంతా రాజుగారి మిషను చుట్టూ చేరారు. కొందరు తిట్టుకుంటూనే నిలబడ్డారు. ఆయన ఒప్పుదల మీద సంతకం పెట్టారు. జిల్లాలో ఇంతవరకు తప్పు ఒప్పుకున్నవాళ్ళు లేరు. అందుకని అది ఎలా పడుతుందో ఎవరూ చూడలేదు.

912 పోయి 782 వచ్చింది. దాసుది 770. మా లెక్కే. ఎవరో ఊపిరి వదిలారు. నేను సవరణ పంపడానికి సిద్ధంగా ఉన్నాను. బ్లాకు మారాలి.

"మరిడీ, అంకె ఇంకా మారతందేంటే" అన్నాడు దాసు.

రాజుగారిది 744 అయింది.

నాకు తెలిసిపోయింది. ఆయన పరపతి తగ్గితే ఆయన కంకణం కట్టినవాళ్ళది తగ్గుతుంది. వాళ్ళది తగ్గితే వాళ్ళు కట్టినవాళ్ళది. అలా ఇరవై మందినీ చుట్టి, ఆఖరివాళ్ళు కట్టింది ఎవరికి? రాజుగారికి. ఆయనది మళ్ళీ తగ్గింది. తగ్గింది కనుక మళ్ళీ మొదటి నుంచి చుట్టింది. ఎక్కేటప్పుడు ఏటా కొంచెం కొంచెం ఎక్కిన అంకెలు, దిగేటప్పుడు కళ్ళముందే దిగిపోయాయి. నూట ముప్పై పోతుందని కట్టాను. ఒక్క చుట్టు మాత్రమే కట్టాను.

మేం ఇరవై మందిమీ ప్రోగ్రాములు రాసేవాళ్ళం. తిరిగి తన దగ్గరికే వచ్చే లెక్క ఎక్కడ ఆగుతుందో చూడకుండా ఏదీ గొలుసు మీద పెట్టకూడదని, కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చెబుతాం. మా చేతులకి ఉన్నది మాత్రం మాలో ఎవరికీ లెక్కలా కనిపించలేదు. అది పండగ.

రాజుగారు 588 దగ్గర ఆగారు. దాసు 603. సవరణ పంపాను. సంతకానికి అర్హత లేదని గొలుసు తిప్పి కొట్టింది. మళ్ళీ పంపాను. తెలిసి కూడా పంపాను. ముఠాలో 750 దాటినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. రాజుగారికి హామీ పెట్టి ఆయన అంకె లేపండని, సాక్షిగా రండని బయటి ముఠాల వాళ్ళకి ఫోన్లు చేస్తే, తప్పు ఒప్పుకున్నవాడి పక్కన నిలబడితే ఆ మచ్చ మాకూ అంటుకుంటుందన్నారు. నిజమే, అంటుకుంటుంది.

రాజుగారు కుర్చీలోంచి లేవలేదు. "ముందు సవరణ, తర్వాత ఒప్పుదల పెట్టనివ్వాలి గదా" అన్నారు, చిన్నపిల్లాడిలా, ఎవరినో అడుగుతున్నట్టు.

దాసు నా వైపు చూశాడు. "బెడ్డు పోయింది మరిడీ" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నమోదు 9. పరపతి 231.

తాళం పడింది. నేను కట్టిన లెక్కకి ఒక పూట ముందే.

అదే రాత్రి, తుఫాను రెండో నాడు, సముద్రం కట్ట మీంచి దూకింది. పంపులు ఉన్నా ఆ రాత్రికి నీళ్ళు వచ్చేవే, పొద్దుటికి తోడేసేవి. ఇప్పుడు తోడేవాళ్ళు లేరు. నీళ్ళు అలాగే ఉన్నాయి.

వదిన బతికింది. ఆమె వీధి సగం ముందే షెల్టరుకి వెళ్ళింది. షెల్టరులోకి కూడా నీళ్ళు వస్తే పడవల్లో మా షెడ్డుకి వచ్చారు. మిషన్ల మధ్య చాపలు వేసుకుని పడుకున్నారు.

"గునపంతో కొట్టాను మోటారుని" అంది వదిన. రెండు అరచేతులూ చిట్లిపోయి ఉన్నాయి. "ఎక్కడ కొడితే తిరుగుద్దో తెలిస్తే తిరిగేదేమో. ఎర్రలైటు మాత్రం ఎలుగుతానే ఉందే, అంత నీళ్ళలో."

"లోవమ్మ మామ్మ?"

"రమ్మని చెయ్యి పట్టుకు లాగాను. లైటు పచ్చగానే ఉంది గదా, అది మారినాక వత్తానంది." వదిన చేతులకి గుడ్డ చుట్టుకుంది. "మారినాక ఆ నీళ్ళకి తలుపు రాలేదు."

ఇంకా ఎంతమందో తెలియదు. ఈ రోజు ఇంకెవరి పేర్లూ రాయను. రాస్తే తూకం వాటిని కూడా నా భాష కింద తూస్తుంది.

నమోదు 10. పరపతి 655.

అంకె చూసి మిషను చెడిందనుకున్నాను. చెడలేదు. తీర్పు వచ్చింది. ఒప్పుదల వెనక సవరణ గడువులో పడలేదు, కాబట్టి ఒప్పుదల చెల్లదు. ఒప్పుదల లేదు కనుక తప్పు లేదు. దిగువపేట కాంట్రాక్టు కాలదోషం వల్ల చెడింది. తప్పే లేనప్పుడు దాని మీద ఆరోపణా లేదు. ఎవరి పరపతి వాళ్ళకి తిరిగి ఇవ్వడమైనది.

నేను పడిన కోపం తాలూకు మార్కులు కూడా తిరిగిచ్చారు. అదొక్కటే నాకు బూతులా ఉంది.

రాజుగారు షెడ్డుకి రావడం మానేశారు. రాకపోయినా ఆయన అంకె పెరుగుతోంది. 913.

దాసు భార్యకి తుఫాను నాడే నొప్పులొచ్చాయి. కింది వార్డులో, నేల మీద కన్నది. ఆడపిల్ల, బాగుంది. తల్లికి జ్వరం తగ్గడం లేదు. అంకె తిరిగి వచ్చాక పై వార్డుకి మార్చారు. మళ్ళీ పడిపోతే మళ్ళీ కిందకి దింపుతారు.

నమోదు 11. పరపతి 649.

పని వచ్చింది. దిగువపేట వాళ్ళకి ఒకప్పుడు ఉప్పు పండించిన పాత ఉప్పుకొటార్ల పక్కన కొత్త పేట కడుతున్నారు. అదీ పల్లమే. దానికీ కట్ట, పంపులు. పంపుల కాంట్రాక్టు మా ముఠాకే ఇచ్చారు. కొత్తగా రాయక్కర్లేదు. కోడుకి కూడా పరపతి ఉంటుంది. ఒక్క తప్పూ నమోదు కాకుండా అన్నేళ్ళు నడిచిన కోడు కనుక, జిల్లాలో పంపులకి అన్నిటికంటే పరపతి ఎక్కువ ఉన్నది రాజుగారి పాత కోడుకే. అదే నకలు తీసి పెట్టమన్నారు.

గడియారం చూసుకునే సవరణ కలిపి పంపాను. తిప్పి కొట్టింది. కొత్త కోడుకి పరపతి సున్నా. నా లాగే.

గొలుసు మీద పెట్టే చేతికి ఆరువందలు చాలు. వంతు నాది. పెట్టనన్నాను. అందుకే ఆరు మార్కులు పోయాయి. నా వంతు నా పక్క మిషనుకి వెళ్ళింది.

"పెట్టేత్తన్నాను మరిడీ" అన్నాడు దాసు.

"పెట్టు."

"ఏదోటి అనవే."

"ఏమనాలి? నీ చోట ఉంటే నేనూ పెడతాను."

"పెట్టవు నువ్వు" అన్నాడు. కోపంగానే అన్నాడు. పెట్టాడు. సాక్షి సంతకాలు బయటి ముఠాల వాళ్ళు అప్పటికే పెట్టి ఉంచారు. పానకం ఏడాది తర్వాత.

సాయంత్రం వదిన చాప మీద కూర్చుని ఫోను చూపించింది. "ఇల్లిచ్చారే మాకు. ఉప్పుకొటార్ల కాడ. మీ అన్న బోటు దిగగానే పోవడమే. పంపులు కొత్తవంట." నా మొహం చూసి ఆగిపోయింది. "అదేనా?"

"అదే."

వదిన ఫోను పక్కన పెట్టింది. చిట్లిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెళ్ళొద్దని చెప్పమంటుందేమో అనుకున్నాను. ఎక్కడికి వెళ్ళమని చెప్పాలి?

"ఆపడం నీ వల్ల కాదు, అది తెలిసిందిలే" అంది. "ఎప్పుడు పడుద్దో చెప్పు. ఏ నెల్లో తాళం పడుద్దో చెబితే, దానికి ముందే అందరం సర్దుకుని ఎక్కడికో ఒక చోటికి పోతాం. ఏటా అలాగే పోతాం. ఆ మాత్రం లెక్క కట్టగలవుగా నువ్వు."

కట్టడానికి కూర్చున్నాను. గొలుసుని వచ్చే వేసవికి ఇంకా వేగం చేస్తారట. ఎంత వేగమో ఎక్కడా రాయలేదు. ఆ తర్వాత మళ్ళీ చేస్తారో లేదో అదీ రాయలేదు.

"చెప్పవే" అంది వదిన.

"తెలీదు వదినా" అన్నాను.